మెయిల్‌టు లింకు ఎవరి చేతికి వెళ్లాలి: ఇంటి కంప్యూటర్‌లో డీఫాల్ట్ ఈమెయిల్ ప్రోగ్రాం

మా ఇంటి కంప్యూటర్‌లో విండోస్ 11, లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ వ్యవస్థలు రెండూ ఉన్నాయి. ఈమెయిల్ చిరునామా ఎక్కడ నొక్కినా రెండింటిలోనూ థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం మాత్రమే తెరుచుకునేలా అమర్చాలన్నది ఈ సెలవుల్లో పెట్టుకున్న పని. లైనక్స్ వైపు పని ముగిసింది, విండోస్‌లో నా ఖాతా వరకు పూర్తయింది, నాన్నగారి ఖాతా ఇంకా మిగిలి ఉంది. విండోస్‌తో పాటు వచ్చిన పాత మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయినందువల్ల ఎలాగూ మరొక ప్రోగ్రాంను ఎంచుకోవలసి ఉంది కనుక, ఎంపికతో పాటు అమరికను కూడా ఒక పద్ధతిలో చేసి రాసిపెట్టుకుంటున్నాను.

ముందుగా స్పష్టం చేసుకోవలసినది ఏమిటంటే, డీఫాల్ట్ ఈమెయిల్ ప్రోగ్రాం అనేది ఒకే సెట్టింగ్ కాదు. వెబ్‌పేజీలో చిరునామాను నొక్కినప్పుడు పనిచేసే మెయిల్‌టు లింకు ఒక దారి. డిస్కులో దాచుకున్న ఈఎంఎల్ ఫైలును, అంటే ఒక ఉత్తరాన్ని విడిగా భద్రపరచిన ఫైలును, తెరవడం రెండో దారి. ఫైలుపై కుడి క్లిక్ చేసి సెండ్ టు ద్వారా ఎవరికైనా పంపడం, లేదా లిబ్రే ఆఫీస్‌లో రాసిన పత్రాన్ని అక్కడినుంచే మెయిల్ చేయడం మూడో దారి. మొదటి దారిలో ముందు బ్రౌజర్ నిలబడి, లింకును కంప్యూటర్‌కు అప్పగించకుండా తానే ఏదో ఒక వెబ్‌మెయిల్‌కు పంపగలదు. కాబట్టి ప్రోగ్రాంను ఎంచుకునేటప్పుడు దాని అందచందాలకంటే, ఈ దారులన్నిటిలోనూ పిలిస్తే పలుకుతుందా లేదా అన్నదే ముందు చూడాలని నా అభిప్రాయం.

పరీక్ష కోసం చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి తయారుచేసుకున్నాను. అందులో మొదటి లింకులో ఒట్టి చిరునామా, రెండోదాంట్లో తెలుగు విషయశీర్షిక, మూడోదాంట్లో కామాతో విడదీసిన రెండు చిరునామాలు, నాలుగోదాంట్లో రెండు పంక్తుల ఉత్తరం ఉన్నాయి. ఇందులో రెండో లింకే అసలు పరీక్ష. 2010లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6068 ప్రమాణం ప్రకారం మెయిల్‌టు లింకులో ఆంగ్లేతర అక్షరాలను యూటీఎఫ్-8 అనే బైట్ల రూపంలోకి మార్చి, ఒక్కొక్క బైటును శాతం గుర్తు, రెండు హెక్సాడెసిమల్ అంకెలతో రాయాలి. తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి కనుక అది తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతపు గుర్తు కూడా విడి సంకేతమే. అందువల్ల కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘తెలుగు’ అన్న మాట లింకులో 54 గుర్తుల పొడవు తేలుతుంది. ఈ లెక్కను అర్థం చేసుకోని ప్రోగ్రాంలో శీర్షిక స్థానంలో శాతం గుర్తుల వరుసే కనబడుతుంది. నాలుగో లింకులో పంక్తి విరుపును కూడా ఇదే ప్రమాణం చెప్పిన విధంగా రెండు సంకేతాల జతగా (%0D%0A) రాయాలి. ఒక్కటే రాస్తే కొన్నిచోట్ల రెండు పంక్తులూ కలిసిపోవచ్చు.

ఎంపిక విషయానికి వస్తే, కొత్త ఔట్‌లుక్ విండోస్‌లో సిద్ధంగా ఉంటుంది, కానీ అది ఇతర సంస్థల ఐమ్యాప్ ఖాతాల (ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచి చూపే పద్ధతి) ఉత్తరాలను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ద్వారా సమన్వయం చేస్తుంది. నా ఉత్తరాలు సర్వర్‌కూ నా డిస్కుకూ మధ్య నేరుగా నడవాలని కోరుకుంటాను కాబట్టి దానిని పక్కన పెట్టాను. లైనక్స్‌లో ఎవల్యూషన్ చక్కగా పనిచేస్తుంది, కానీ విండోస్ వైపు అదే అలవాటు కొనసాగదు. క్లాస్ మెయిల్ చాలా తేలికైనది. అయితే అందులో హెచ్‌టీఎంఎల్ ఉత్తరాలు రాయడం కుదరదు, ఇంట్లోవారికి ఫొటోలు మధ్యలో పెట్టి రాసే అలవాటు ఉంది. 2004 డిసెంబర్‌లో 1.0 వెర్షన్‌తో వచ్చిన థండర్‌బర్డ్ రెండు వ్యవస్థల్లోనూ ఒకే తీరుగా ఉంటుంది, మింట్‌లో ముందే అమర్చి ఉంటుంది. నాకు అదే సరిపోయింది.

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డీఫాల్ట్ యాప్స్ అనే వరుసలో వెళ్లి, పైనున్న పెట్టెలో మెయిల్‌టు అని ఆంగ్లంలో రాస్తే ప్రస్తుతం ఆ లింకు ఎవరి చేతిలో ఉందో కనిపిస్తుంది, దానిని నొక్కి థండర్‌బర్డ్‌ను ఎంచుకోవాలి. అదే పెట్టెలో చుక్కతో కలిపి ఈఎంఎల్ అని రాసి రెండో మార్పు విడిగా చేయాలి. విండోస్ 10 కాలం నుంచి ప్రోగ్రాంలు తమంతట తాము ఈ స్థానాన్ని ఆక్రమించకుండా వ్యవస్థ అడ్డుకుంటుంది కనుక ఈ పని మన చేతులతోనే చేయాలి, అది మంచిదే. సెండ్ టు దారి మాత్రం మ్యాపీ అనే వేరొక ఏర్పాటు మీద నడుస్తుంది. దానికోసం థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లోని జనరల్ పేజీలో సిస్టమ్ ఇంటిగ్రేషన్ దగ్గర చెక్ నౌ నొక్కి, ఈమెయిల్‌కు ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ తరువాత పీడీఎఫ్ ఫైలుపై కుడి క్లిక్ చేసి, షో మోర్ ఆప్షన్స్ లోపల ఉన్న సెండ్ టు ద్వారా మెయిల్ రెసిపియెంట్‌ను ఎంచుకుంటే, ఫైలు జతపడిన కొత్త ఉత్తరం తెరుచుకుంది.

లైనక్స్ మింట్‌లో ప్రిఫర్డ్ అప్లికేషన్స్‌లో మెయిల్ అన్నచోట థండర్‌బర్డ్‌ను ఎంచుకుంటే చాలు. ఆ ఎంపిక హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్‌లో, మైమ్‌యాప్స్ జాబితా ఫైలులో ఒక పంక్తిగా నమోదవుతుంది, మామూలు ఎడిటర్‌తో తెరిచి సరిచూసుకోవచ్చు. ఉబుంటు 24.04లో థండర్‌బర్డ్ స్నాప్ అనే వేరొక ప్యాకేజీ రూపంలో వస్తుంది కాబట్టి అక్కడ ఆ పంక్తిలో రాయవలసిన ఫైలు పేరు వేరుగా ఉంటుంది. మరొకచోటి నుంచి పంక్తిని నకలు చేసుకునేవారు ఇది గమనించాలి. లైనక్స్‌లోని లిబ్రే ఆఫీస్‌కు టూల్స్, ఆప్షన్స్, ఇంటర్నెట్, ఈమెయిల్ అనే చోట ప్రోగ్రాం పేరు ఇచ్చే సొంత పెట్టె ఉంది, దానిని కూడా చూసుకున్నాను.

బ్రౌజర్ల పని చిన్నదే. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్ జాబితాలో మెయిల్‌టు ఎదుట వ్యవస్థ డీఫాల్ట్‌ను ఎంచుకున్నాను. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్ లోపల ప్రోటోకాల్ హ్యాండ్లర్స్ అనే పేజీలో పాత అనుమతులు ఏవైనా ఉంటే తీసివేయాలి.

ఖాతాలను ఐమ్యాప్ పద్ధతిలోనే చేర్చాను. అందుకునే సర్వర్‌కు 993 పోర్టు, పంపే సర్వర్‌కు 465 లేదా 587. జీమెయిల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి ఒట్టి పాస్‌వర్డ్‌తో ప్రవేశం లేదు కనుక పాస్‌వర్డ్‌ను ప్రోగ్రాంకు ఇవ్వకుండా అనుమతి ఇచ్చే ఓఆథ్2 పద్ధతిని ఎంచుకుంటే బ్రౌజర్ కిటికీ తెరుచుకుని అక్కడ అనుమతి అడుగుతుంది. జీమెయిల్‌లోని ఆల్ మెయిల్ ఫోల్డర్‌ను కూడా దించుకుంటే ప్రతి ఉత్తరం డిస్కులో రెండుసార్లు చోటు తీసుకుంటుంది, అందుకని ఆ ఫోల్డర్ సబ్‌స్క్రిప్షన్ తీసివేశాను. ఇక తెలుగు ఉత్తరాలు చదవడానికి హాయిగా ఉండాలంటే ఫాంట్ల అడ్వాన్స్‌డ్ పెట్టెలో భాషగా తెలుగును ఎంచుకుని, విండోస్‌లో నిర్మల, మింట్‌లో నోటో సాన్స్ తెలుగు పెట్టి, అక్షర పరిమాణం రెండు మెట్లు పెంచాను. వత్తులు పంక్తుల మధ్య నలిగిపోకుండా ఉండటానికి ఈ మాత్రం శ్రద్ధ తప్పనిసరి. పరీక్ష ఫైలులోని నాలుగు లింకులూ రెండు వ్యవస్థల్లోనూ సరిగా తెరుచుకున్నాయి, తెలుగు శీర్షిక ఒక్క గుర్తు కూడా చెదరలేదు.

మిగిలినది నాన్నగారి ఖాతా. విండోస్‌లో ఈ డీఫాల్ట్‌లు ఒక్కొక్క యూజర్‌కు విడివిడిగా ఉంటాయి కనుక నా మార్పులు ఆయనను తాకలేదు. ఆయనకు బ్రౌజర్‌లో జీమెయిల్ చూడటమే అలవాటు, దానిని మార్చమని అడగడం న్యాయం కాదు. కాబట్టి అక్కడ మెయిల్‌టును క్రోమ్‌కు అప్పగించి, జీమెయిల్ తెరిచినప్పుడు చిరునామా పట్టీలో కనిపించే గుర్తును నొక్కి ఈమెయిల్ లింకులకు అనుమతి ఇస్తాను. బ్యాంకు నుంచి వచ్చిన ఈఎంఎల్ ఫైళ్లు ఆయన దగ్గర కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం థండర్‌బర్డ్‌కే కేటాయిస్తాను. సెండ్ టు దారికి వెబ్‌మెయిల్ జవాబు ఇవ్వదు. ఫైలును లాగి క్రోమ్‌లోని కొత్త ఉత్తరంలో వదలడం ఆయనకు ముందే వచ్చు కాబట్టి ఆ ఒక్క దారిని అలాగే ఉంచుతున్నాను.