గడిలో ఎవరి మడి?

యాసంగి వరికి ఎండలు ముదిరితే నీళ్లు ఎంత ఎక్కువ పడతాయో ఉపగ్రహాల డేటాతో లెక్కగట్టే పనిలో ఉన్నా ఈమధ్య. సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోల్లో పచ్చదనం 10 మీటర్ల గడుల్లో, అంటే ఫొటోలోని చిన్న చిన్న చదరాల్లో, చక్కగా కనిపిస్తుంది. చిక్కంతా మడి ఎంత నీరు ఆవిరి చేస్తోందో పట్టిచ్చే వేడి కొలతతోనే, అది ల్యాండ్‌శాట్ అనే ఇంకో ఉపగ్రహం ఇస్తుంది. దాని ఒక్కో గడి 100 మీటర్ల చదరం, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. నల్గొండ వైపు అంత జాగాలో ఇద్దరు ముగ్గురి వరి మళ్లు, ఓ ఎండిన చెలక, బండ్ల బాట అన్నీ ఉంటాయి. తడి మడి ఆవిరి వదులుతూ చల్లగా ఉంటుంది, చెలక కాలిపోతుంటుంది. ఉపగ్రహానికి రెండూ కలిసి ఒకటే అంకె. ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ఒక పెద్దాయన "ఇందుల నా మడి ఏది బిడ్డా?" అన్నారు. ఏం చెప్పను, సగం గడి ఆయనది, సగం పక్కాయనది!

నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇంకోటి. వేడి పెరిగితే పంట రోజువారీ తాగే నీళ్లు పెరుగుతాయి, నిజమే. కానీ ఆ వేడికే వరి తొందరగా ఈని ముందే కోతకొస్తుంది. కాబట్టి సీజన్ మొత్తం లెక్క మనం భయపడినంత పెరగకపోవచ్చు. దిగుబడి పడిపోతే మాత్రం అది వేరే ఏడుపు.

వానాకాలం సంగతి అడక్కండి, ఎటు చూసినా మబ్బులే. సెంటినెల్-1 రాడార్ మబ్బుల్లోంచి చూస్తుంది గానీ వేడిని కొలవదు.