పార్క్ లేన్ డివైడర్ మీద రెండు కంచరగాడిదలు

హైడ్ పార్కు దగ్గర అన్నారు కదా అని పార్కు లోపల వెతికితే దొరకదు. యుద్ధాల్లో పనిచేసిన జంతువుల స్మారకం లండన్‌లో పార్క్ లేన్ అనే రోడ్డు నడిమధ్య, బ్రూక్ గేట్ దగ్గర, వెడల్పాటి డివైడర్ మీద ఉంది. మార్బుల్ ఆర్చ్ స్టేషన్లో దిగి దక్షిణంగా కాసేపు నడిచాం. రెండువైపులా బండ్ల వరద, సిగ్నల్ దగ్గరే దాటాలి. టికెట్ లేదు.

శిల్పి డేవిడ్ బ్యాక్‌హౌస్ రూపొందించిన దీన్ని 2004 నవంబరు 24న యువరాణి ఆన్ ఆవిష్కరించారు. వంపు తిరిగిన పోర్ట్‌లాండ్ సున్నపురాతి గోడ, దాని మధ్యలో ఒక సందు. ఆ సందు వైపు బరువులతో మెట్లెక్కుతున్న రెండు కంచు కంచరగాడిదలు. చూడటం ఇక్కడ మొదలుపెట్టాలి. చాలామంది గోడ ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు, సగం స్మారకం అవతలే ఉండిపోతుంది.

కంచరగాడిద పక్కన నిలబడి వీపు మీది మూటల్ని చూడండి. బరువు రెండు పక్కలా సమంగా లేకపోతే గంత (మూటలు కట్టే జీను) జారుతుంది, ఒరుసుకుని వీపు పుండవుతుంది, ఆ జంతువు ఇక పనికిరాదు. 3.7 అంగుళాల కొండ ఫిరంగిని విడదీస్తే ఎనిమిది కంచరగాడిదల మోత. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో అరుపు శత్రువుకి వినబడకుండా వీటి స్వరతంత్రులు కోసేశారు. 1939 డిసెంబరులో మన దేశం నుంచి ఫ్రాన్స్ వెళ్లిన కంచరగాడిదల దళాల కథ మరొకటి: 1940లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్ నుంచి సైన్యం వెనుదిరిగినప్పుడు మనుషులు ఓడలెక్కారు, ఇవి ఒడ్డునే మిగిలాయి. గోడ మీద చెక్కిన చిన్న వాక్యానికి తెలుగులో అర్థం, 'వాటికి వేరే దారి లేకపోయింది'. అంతకన్నా పెద్ద శాసనం కూడా ఉంది గానీ నాకు ఇదొక్కటి చాలనిపించింది.

గోడ లోపలివైపు ఏనుగు, ఒంటె లాంటి జంతువుల ఉబ్బెత్తు బొమ్మలు. వీటి ఉబ్బు తక్కువ. ఎండ నెత్తి మీద ఉంటే చదునుగా కనిపిస్తాయి, ఏటవాలు వెలుతురులో తేలతాయి. పొద్దున్నో సాయంత్రమో వెళ్లడం మేలు.

ఇక సందులోంచి అవతలికి దాటాలి. అక్కడ పచ్చిక మీద బరువేమీ లేని ఒక గుర్రం, ఒక కుక్క. గుర్రం ముందుకు పోతోంది, కుక్క మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది. దాని చూపు వెంట మీరూ తిరగండి. గోడ వెలుపలి ముఖం మీద, తిరిగిరాని జంతువుల నీడబొమ్మలు వరసగా ఉన్నాయి.