పాత రిజిస్టరు ముందు ఒక మంగళవారం

పొద్దున ముసురు పట్టింది కానీ వాన పడలేదు. పాస్టరు గారు నిన్ననే చెప్పి ఉండడంతో పది గంటలకల్లా మా ఊరి చర్చికి వెళ్లాను. పని చిన్నదే. అట్ట ఊడి, అంచులు పొడి రాలుతున్న పాత బాప్తిస్మాల రిజిస్టరును కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. ముప్ఫై ఏళ్లు బడిలో హాజరుపట్టీలు రాసిన చేయి కనుక ఈ పని నాకు అప్పగించారు.

మొదటి పుటల తలమీద ‘వెస్లియన్ మెథడిస్ట్ మిషన్’ అని అచ్చయి ఉంది. చాలా పుటల తర్వాత దాన్ని సిరాతో కొట్టివేసి, పక్కన ‘దక్షిణ ఇండియా సంఘము’ (ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సీఎస్ఐ) అని ఎవరో గుండ్రని అక్షరాలతో రాశారు. 1947 సెప్టెంబరు 27న నాలుగైదు మిషన్ల సంఘాలు కలిసి ఒక్క సంఘమైన సంగతి మా ఊళ్లో మిగిలింది ఆ ఒక్క కొట్టివేతలోనే. అమెరికా మెథడిస్టుల సేవలో ఏర్పడిన వికారాబాద్ వైపు సంఘాలు ఆ కలయికలోకి రాలేదు కాబట్టి మా బంధువులు కొందరు నేటికీ ‘మెథడిస్టులు’, మేము మాత్రం ‘సీఎస్ఐ వాళ్లం’. పెళ్లిచూపుల్లో ఈ తేడా బైటికి వస్తుంది కానీ పాటలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

మా చర్చికి తల్లివంటిది మెదక్ చర్చి. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర మొదట తిరుమలగిరి కంటోన్మెంటులో సైనికులకు ఆరాధనలు జరిపే గురువుగా వచ్చి, ఆ కొలువుతో తృప్తి చెందక పల్లెల బాట పట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో జనానికి పని చూపించి తిండి పెట్టడానికి ఆయన పెద్ద మందిరం కట్టడం మొదలుపెట్టగా, అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. దాని గోపురం ఎత్తు 175 అడుగులు. చార్మినార్ కంటే ఎత్తు అవునా కాదా అని మా వాళ్ల మధ్య పంతాలు నడుస్తుంటాయి. నాకు గోపురం కంటే రంగుటద్దాల కిటికీలే ఇష్టం. పగటి వెలుగు బయటి నుంచి పడితే తప్ప లోపల వాటిలోని బొమ్మలు కనిపించవు. మా నాయనమ్మ తండ్రి అక్కడ రాళ్లు మోశాడట. ‘దానం కాదు బిడ్డా, కూలి గింజలు’ అని ఆమె పట్టుబట్టి చెప్పేది.

పన్నెండింటికి పాస్టరు గారు టీ తెచ్చారు. పాస్టరు కావాలని మీకు దేవుని పిలుపు ఎలా వచ్చిందయ్యా అని అడిగాను. 1738లో లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ హృదయం వింతగా వెచ్చబడిన కథ చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నవాణ్ని గనుక, అలాంటి సాక్ష్యమే వస్తుందని ఎదురుచూశాను.

‘మా నాన్న ఊళ్లో పాస్టరుకు బదులు ప్రార్థనలు నడిపే ఉపదేశి’ అన్నారాయన, గ్లాసు కింద పెడుతూ. ‘జ్వరంతో మంచం పట్టిన రోజున పక్క ఊళ్లో ఒకరు చనిపోయారు. పాస్టరుకు పన్నెండు ఊళ్లు, రాలేకపోయారు. పదిహేనేళ్ల నన్ను పంపితే, సమాధి దగ్గర బైబిల్లోని 23వ కీర్తన చదివాను. మధ్యలో రెండుచోట్ల తడబడ్డాను. వస్తుంటే ఒక ముసలామె చేయి పట్టుకుని, మళ్లెప్పుడొస్తవు కొడుకా అంది. అంతే.’

అంతేనా అన్నాను. ‘చాలా ఏళ్లు తప్పించుకు తిరిగాను లెండి. బస్సు కండక్టరు ఉద్యోగానికి కూడా దరఖాస్తు పెట్టాను’ అని నవ్వారు. నిజం చెప్పాలంటే, సాక్ష్యాల కూడికల్లో విన్న చాలా పిలుపుల కంటే నాకు ఇదే ఎక్కువ నమ్మకంగా అనిపించింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది, కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. 1931 దగ్గర ఒక పుట నిండా తండ్రి వృత్తి గడిలో ‘కూలి’, దాని కింద ‘కూలి’, మళ్లీ ‘కూలి’. పైన ఉన్న మాటకు కింద రెండు గీతలు పెట్టి సరిపుచ్చవచ్చు, రాసినాయన మాత్రం ప్రతిసారీ మాట మొత్తం రాశాడు. నేనూ అలాగే రాశాను.

నాలుగింటికి పాస్టరు గారు మంచాన ఉన్న ఒక అవ్వకు ప్రభు భోజనం ఇవ్వడానికి బయలుదేరారు. చిన్న గిన్నె, రొట్టె ముక్కల డబ్బా, ద్రాక్షరసం సీసా అన్నీ ఒక పాత టిఫిన్ సంచిలోనే పట్టాయి. ఇంకా ఎన్ని పుటలున్నాయని అడిగితే నూటపది అన్నాను.

‘మే నెలలో నాకు బదిలీ ఉండొచ్చు. మిగతాది వచ్చే ఆయనకు మీరే అప్పజెప్పాలి’ అంటూ బండి కిక్కు కొట్టారు. మూడోసారికి స్టార్టయింది.