రాజకీయ వంత మాటలు కొట్టెయ్యకండి

బుర్రకథలో మధ్యన తంబుర పట్టుకుని కథకుడు, చెరో పక్కన గుమ్మెటలతో (చిన్న డోళ్లతో) వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఏ రాజుదైనా సరే, రాజకీయ వంత మధ్యలో దూరి ఊరి కాలువ సంగతో, ఓట్లప్పుడు పంచిన నోట్ల సంగతో ఎత్తుతాడు. జనం పడీపడీ నవ్వేది అక్కడే. అదే కథ అచ్చులోకి వచ్చేసరికి చాలాసార్లు ఆ వంత నోరు మూతపడుతుంది. అడిగితే "అవి ఆ పూటకి అనే మాటలండి, కథలోవి కాదు" అంటారు.

నన్నడిగితే అసలు కారణం డబ్బు. బుర్రకథలు సేకరించి అచ్చేసే మనం మూడొందల పేజీలు, వెయ్యి కాపీలు అని మొదలెడతాం. అంత సొమ్ము ఉండదు. రొయ్యల చెరువుల ఆసామినో, రైసుమిల్లు ఓనరునో, ఎమ్మెల్యే గారి తాలూకు మనిషినో అడుగుతాం. ఆయనా కాదనడు. మొదటి పేజీలో ఆయన ఫొటో, ఆవిష్కరణ సభలో మధ్య కుర్చీ. ఇక పూడికతీత పనుల మీద వంత వేసిన చురక ఆ పుస్తకంలో ఎలా మిగులుతుంది? తీసెయ్యమని ఎవరూ అనరు. ప్రూఫు దిద్దేటప్పుడు మన పెన్నే దాని మీదుగా పోతుంది.

అందుకే ముందు పుస్తకాన్ని మన జేబుకి సరిపడా కుదించుకోవాలి. డెమీ 1/8 సైజులో ఫారానికి (ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే కట్టకి) 16 పేజీలు. నాలుగు ఫారాలంటే 64 పేజీలు. రాత్రంతా చెప్పే కథ అందులో పట్టదు. రెండు ఘట్టాలు, వంతల మాటలతో సహా, పడతాయి. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో (మామూలు తెల్ల) పేపరు, సెంటర్ పిన్ (మధ్య మడతలో పిన్నులు) చాలు. వీపుకి జిగురు పూసి అంటించే అతుకు బైండింగ్ జోలికి వెళ్లొద్దు, అంత సన్నటి పుస్తకానికి వీపు మీద పేరు వెయ్యడానికి చోటుండదు, నాలుగుసార్లు తెరిస్తే కాగితాలు ఊడొస్తాయి. మూడొందల కాపీల లోపైతే డిజిటల్, ఐదొందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద కొట్టినా వెయ్యి కొట్టినా ఒకటే గనక, "ఇంకో ఐదొందలు కొట్టించేద్దురూ, కాపీకి తగ్గుద్ది" అని ప్రెస్సువాళ్లు ఊరిస్తారు. ఆ ఐదొందలూ మీ అటక మీదే ఉంటాయి.

రికార్డింగ్‌లో పోయేదీ ముందుగా వంత మాటలే. ఫోను కథకుడి ముందు పెడతాం, వంత తన గుమ్మెట మోత వెనకాల అంటాడు. రెండు ఫోన్లు పెట్టండి. ఒకటి కథకుడి వైపు, రెండోది రాజకీయ వంత వైపు, గుమ్మెటకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి. మరీ దగ్గరైతే దెబ్బ పడినప్పుడల్లా గొంతు చిట్లిపోతుంది. మైకుసెట్టు బాక్సుల ముందు అసలొద్దు. రెండింటినీ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. కథ మొదలయ్యే ముందు ఇద్దరు వంతల చేతా పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చేస్తే తర్వాత ఎవరి గొంతు ఏదో తికమక ఉండదు.

రాసుకునేటప్పుడు ముగ్గురికీ మూడు గుర్తులు పెట్టుకోవాలి. ఇది నేను కల్పించిన నమూనా (క కథకుడు, రా రాజకీయ వంత, హా హాస్య వంత):

క: కోటగోడ ఎత్తించాడయ్యా రాజు!
రా: ఎన్నాళ్లు పట్టింది బాబాయ్?
క: ఆర్నెల్లురా.
రా: మా కాలువ లాకు తలుపుకి ఆరేళ్లయింది. కోటకి మా కాంట్రాక్టరు కాదన్నమాట!
హా: ఆయన అప్పుడు పుట్టలేదురా, లేకపోతే రాజుకి కోటే ఉండేది కాదు.

కింద చిన్న అక్షరాల్లో ఏ ఊరి లాకు, ప్రదర్శన ఏ తేదీన అనేది ఒక్క వాక్యం వెయ్యండి. అది లేకపోతే పదేళ్ల తర్వాత చదివేవాడికి ఆ నవ్వు అందదు. అదే వంత పక్కూళ్లో అదే చోట ఇంకో మాట అని ఉంటే రెండూ వెయ్యండి. రెండూ కలిపి 'మంచి పాఠం' తయారుచెయ్యడం నాకు నచ్చదు, ఆ పాఠం ఏ ఊళ్లోనూ ఎవరూ చెప్పింది కాదు. పల్లవి తందానా మాత్రం ఒకసారి పూర్తిగా వేసి, తర్వాత గుర్తు పెడితే చాలు.

బతికున్న నాయకుడి పేరెత్తి "ఇంత తిన్నాడు" అంటే అది పరువునష్టం కిందికి రావచ్చు. వంత అన్నాడు, నేను అచ్చేశానంతే అంటే కుదరదు, అచ్చేసినవాడిదీ బాధ్యతే. అలాంటి చోట పేరు తీసి చుక్కలు పెట్టి, తీసినట్టు చెప్పండి. మాట మాత్రం మార్చకండి. కులం పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురంలో ఇళ్లకి నిప్పు పెట్టిన కోనసీమ మనది. ఎస్సీ, ఎస్టీలను తిట్టే మాటలు అచ్చేస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అంతకన్నా ముందు, ఆ కులంవాళ్లకి ఆ పేజీ చదివి వినిపించి అడగడం మర్యాద.

ఇంకొకటి. జానపదం అనుకున్న కథ నిజంగా జానపదమేనా చూసుకోండి. 1940ల్లో ప్రజానాట్యమండలి రోజుల నుంచీ బుర్రకథలు పేరున్న రచయితలు రాసినవి బోలెడు. రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. పాత కథే అయినా, ఆడియో బయటపెట్టాలంటే దళం ముగ్గురి ఒప్పుకోలూ రాతపూర్వకంగా తీసుకోవాలి.

టైపింగ్ దగ్గర అసలు తలనొప్పి. మీరు యూనికోడ్‌లో కొడతారు, డీటీపీ షాపుల్లో చాలావరకు ఇంకా యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లే. కన్వర్టర్‌లో వేస్తే అరసున్నలు, బండి ఱ, యాస కోసం వాడిన ౘ, ౙ మాయమవుతాయి, లేదా చదరపు డబ్బాలవుతాయి. ముందు అలాంటి అక్షరాలన్నీ ఉన్న ఒక్క పేజీ ఇచ్చి ప్రింటు తీయించండి. అది సరిగ్గా వస్తేనే మిగతాది ఇవ్వండి. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) చేయిస్తుంటే అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేశారో లేదో చూడండి, లేకపోతే వత్తులు అక్షరం కింద ఉండవు, పక్కకి జారతాయి. ప్రూఫు కాగితం మీదే చూడండి.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకం గుర్తింపు నంబరుకి) డబ్బులేమీ కట్టక్కర్లేదు, కేంద్రం పోర్టల్‌లో రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అట్ట డిజైన్‌కి ముందే పెట్టండి, బార్‌కోడ్ అట్ట మీద పడాలి కదా. అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకి తలో కాపీ పంపాలని 1954 చట్టం. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒకటి ఇమ్మని ఏ చట్టమూ చెప్పదు, ఇవ్వండి.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ప్రెస్సుకి వెళ్లకండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ప్రింటరు, పబ్లిషరు పేర్లు, చిరునామాలు ఉండాలి. పబ్లిషరు సంతకం చేసి, తెలిసినవాళ్లు ఇద్దరి చేత ధ్రువీకరించిన ప్రకటన రెండు ప్రతులు ప్రెస్సుకి ఇవ్వాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీది కథల పుస్తకమేనని మీకు తెలుసు. ఎమ్మెల్యే మీద చురక కనబడ్డ పేజీ చేతిలో పట్టుకున్న ప్రెస్సు ఓనరుకి మాత్రం ఆ నెలలో నిద్రపట్టదు, ఆ పేజీ పీకేద్దామంటాడు.

అమ్మకానికి సంక్రాంతి మంచి అదను. ఊళ్లకి వచ్చినవాళ్లు కొంటారు, కనుమనాడు ప్రభల తీర్థంలో బల్ల వేసుకోవచ్చు. దళానికి ఇచ్చే కాపీలు మాత్రం ముందే లెక్కలోంచి పక్కన పెట్టండి. ముగ్గురికీ సమానంగా, కథకుడికి పది ఇచ్చి వంతలకి తలో రెండు కాకుండా.