పెనుకొండ కొండకి ఒక పూర్తి రోజు పెట్టుకోండి

అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద దాదాపు 70 కిలోమీటర్లు పోతే పెనుకొండ. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ మాకు ఇప్పటికీ అది మా ఊరి కిందే లెక్క. చాలామంది గబగబా కొండెక్కి, లక్ష్మీనరసింహస్వామికి టెంకాయ కొట్టి, మధ్యాహ్నానికల్లా బస్టాండులో ఉంటారు. దయచేసి అట్ల చేయొద్దు.

మేం పోయింది కార్తీకంలో, మా జేజి మొక్కు తీర్చడానికి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అందుకని నేనూ మా చిన్నాయనా పోయినాం. ఎండాకాలం మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, అంతా రాతి కొండ, పొద్దెక్కితే బండలు కాలిపోతాయి, నీడ తక్కువ. ఊళ్లో వేడి వేడి ఉగ్గాణి బజ్జీ తిని, ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెట్టండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాల్సిందే, పైన కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. చిత్రాన్నం సంచి లోపల పెట్టుకోండి, చేతిలో కవరు కనిపించిందంటే కోతులు వదలవు.

దారిలో పాత కోట ద్వారాలు, బురుజులు, కూలిన గోడలు వస్తూనే ఉంటాయి. ఒకచోట గోడలో సున్నమే లేదు, రాయి మీద రాయి కూర్చోబెట్టినారు, అంతే. "ఇంత బరువు ఇంత పైకి ఎట్ల మోసినార్రా" అని చిన్నాయన దాన్ని చేత్తో తడుముతూ చానాసేపు నిలబడిపోయినాడు.

1565లో దక్కన్ సుల్తానుల చేతిలో విజయనగరం రక్కసి తంగడి (తళ్లికోట) యుద్ధం ఓడిపోయినాక, అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ఏనుగుల మీద ఖజానా వేసుకుని హంపి వదిలి వచ్చింది ఇక్కడికే. ఎందుకు ఇక్కడికో కొండెక్కుతుంటే కాళ్లకే అర్థమవుతుంది. ఆ తర్వాత బీజాపూర్, గోల్కొండ సైన్యాలు ముట్టడించినా అప్పట్లో ఈ కోట లొంగలేదు. 1592లో వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చేదాకా విజయనగరానికి గుండెకాయ ఇదే. స్వామి ముందు కళ్లు మూసుకున్నప్పుడు, అన్నీ పోగొట్టుకుని ఈ కొండ చేరిన ఆ జనం కూడా ఏదో ఒక దేవుడికి ఇట్లే మొక్కుకుని ఉంటారు కదా అనిపించి నాకు కళ్లనీళ్లు తిరిగినాయి. జేజి పేరు మీద అర్చన చేయించినాం.

దర్శనం అయ్యాక వెంటనే దిగకుండా కోనేళ్లు, మండపాల దిక్కు నిదానంగా తిరగండి. అక్కడే నాకు కడుపు మండింది. మా సీమ కోటల్లో గుప్తనిధుల పిచ్చి ఎప్పుడూ ఉన్నదే, ఇక్కడ కూడా ఒక మండపంలో బండలు పెకలించి గుంత తవ్వి వదిలేసినారు, పక్క స్తంభం మీద పేర్లు చెక్కినారు. అట్లాంటోళ్లు కనిపిస్తే చూసీ చూడనట్టు పోవద్దు, కింద పోలీసులకు చెప్పండి. పిల్లలని తీసుకుపోతే ఆ గుంతలు, పాత బావుల దగ్గర చేయి వదలొద్దు, వాన పడిన మరుసటి రోజైతే అసలు ఎక్కొద్దు, బండలు జారతాయి.

మధ్యాహ్నానికి దిగితే కింద రాయల కాలం నాటి రాజభవనం గగన్ మహల్ చూడొచ్చు, కమాన్లు ఒక తీరు, పైన శిఖరం గుడి తీరు, రెండూ ఎంత బాగా కలిసినాయో. దగ్గర్లో పార్శ్వనాథ బసది (జైనుల గుడి) ఉంది, రాముడి గుడీ శివుడి గుడీ పక్కపక్కనే ఉన్నాయి. బాబయ్య దర్గాకి మాత్రం తప్పకుండా పోండి, మా ఇంట్లో పెనుకొండ అంటే నరసింహస్వామీ బాబయ్యా ఇద్దరూ. మేం చక్కెర చదివించుకుని స్టేషనుకి వచ్చినాం. రైల్లో పోయేవాళ్లు తిరుగు రైలు టైము పొద్దున్నే చూసి పెట్టుకోండి, అన్నీ అక్కడ ఆగవు.