కుమారధారలో ఓ చారల జంట

కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్యకి మనవాళ్ళు ఎక్కువగా సర్పదోష పూజలకే వెళ్తారు. మొన్న మేమూ అందుకే వెళ్ళాం. నా మనసంతా మాత్రం అక్కడి కుమారధార నది మీదే. అందులో కెనరా పర్ల్‌స్పాట్ అని సిక్లిడ్ అనే చేపల కుటుంబానికి చెందిన ఓ చిన్న చేప ఉంది. దక్షిణ కర్ణాటక నదుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. 1877లో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. కేరళలో కరిమీన్ అనే చేపకి ఇది చెల్లెలి వరస. కరిమీన్ ఉప్పునీళ్ళలోనూ బతికేస్తుంది, దీనికి మాత్రం మంచినీళ్ళే కావాలి.

ఘాట్‌కి కాస్త అవతల, రాళ్ళ సందులో ఓ జంట కనబడింది! అరచేతిలో పట్టేంత. పసుపు ఒంటి మీద నల్లటి నిలువు చారలు, తెల్లటి చుక్కలు. వాటి కింద వెంట్రుకంత సన్నటి పిల్లలు బోలెడు. ఇంకో చేప దగ్గరికొస్తే ఒకటి వెళ్ళి తరిమేసింది, రెండోది పిల్లల్ని వదిలి కదల్లేదు.

మన వైపు కాక, వీటి మిగతా దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో!

అబద్ధమెందుకు, మా ట్యాంక్‌లోకి ఓ జంట తెచ్చుకోవాలనిపించింది. కానీ ఇది అంతరించే ముప్పున్న చేప, అక్వేరియంల కోసం ఇప్పటికే పట్టేస్తున్నారు. అటు వెళ్తే చూసి రండి. వర్షాకాలం మాత్రం వద్దు, బురదనీళ్ళలో ఏమీ కనబడదు.