సెప్టెంబర్ 10, బుధవారం: ఉద్దెర పుస్తకం

పొద్దున షట్టర్ ఎత్తేసరికే దుకాణం ముందు చెప్పులు, పాసుబుక్కు జిరాక్సులు వరుసగా పెట్టి ఉన్నాయి. యూరియా లోడ్ రాలేదంటే ఎవరూ నమ్మరు. గోడౌన్‌లో దాచానని అనుకుంటారు. నాలుగు మాటలు పడ్డాను. ఎరువుల దుకాణం పెట్టుకున్నవాడికి ఈ రోజుల్లో మాటలు మామూలే.

రద్దీ తగ్గాక వాగు అవతలి ఊరాయన వచ్చాడు. వరసకు నాకు బావ. మూడెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టాడు. పురుగు మందు కావాలన్నాడు, ఉద్దెరకు. మొన్నటి వానలకు ఆయన చేను జాలు పట్టిందని, చెట్లు నిలువునా వాడిపోయాయని వ్యవసాయ శాఖ ఏఈవో మేడం అంతకుముందే చెప్పి ఉంది. వాడిపోయిన చేనుకు పురుగు మందుతో ఏం పని?

"ఏ పురుగు పడ్డది బావా?"

"ఏదో పడ్డది తియ్. ఇయ్యరాదు."

రూపాయి దగ్గర అర్ధగంట కొట్లాడే మనిషి ఇవాళ రేటు కూడా అడగలేదు. బెంచీ మీద కూర్చోలేదు, చాయ్ వద్దన్నాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు మందు కొడితే పైసలు దండుగ. రేపు పొద్దున చేనుకాడికి నేనే వస్త. చూసి ఏది కావాల్నో అది నేనే తెచ్చిస్త" అన్నాను.

"నీ ఉద్దెర నాకక్కర లేదు పో" అని బండెక్కి వెళ్లిపోయాడు.

వెంటనే ఆ ఊరి ఆశా అక్కకు ఫోన్ చేశాను. తర్వాత మా దుకాణదారుల గ్రూప్‌లో 'ఒకసారి ఫోన్ చేయండి' అని పెట్టాను. గ్రూప్‌లో పేర్లు రాయకూడదని అనుకున్నాం. ఊళ్లో మాట పాకడానికి ఎంతసేపు! మంచి చేయబోయి మనిషిని నలుగురి నోళ్లలో పెట్టడం వద్దు.

దుకాణాలన్నీ ఈ పద్ధతికి ఒప్పుకోవడానికి వేసవంతా పట్టింది. నేనొక్కణ్ణే ఇవ్వనంటే పక్క దుకాణంలో దొరుకుతుంది, పని అయిపోతుంది. అందుకే అందరం అనుకున్నది ఒక్కటే: అడిగిన మందుకు, చేలో ఉన్న పంటకు పొంతన లేకపోతే, మనిషి వాలకం తేడాగా ఉంటే, డబ్బా చేతికివ్వకుండా చేను దగ్గరికి తెచ్చిస్తామని చెప్పడం, ఆ ఊళ్లో మా మనిషికి ఫోన్ చేయడం. గిరాకీ పోతుందని కొందరు గునిశారు. పోతుంది కూడా. అనుమానించానని ఇవాళ ఈ బావ అలిగినట్టే ఇంకొకరూ అలుగుతారు. అలిగినా మనిషి ఉంటాడు కదా అన్నాడు మాలో పెద్దాయన. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఆ బావ పేరు నా ఉద్దెర పుస్తకంలోనే ఉంది. విత్తనాలు, రెండు దఫాల ఎరువు, మిత్తితో కలిపి. ఆయన మీదున్న అప్పుల్లో నాది చిన్నదే కావచ్చు, కానీ రోజూ కంటికి కనిపించేది నాదే. బ్యాంకు వాడు నోటీసు పంపుతాడు, నేనైతే ఎదురుపడతాను. పత్తి అమ్మగానే ముందు మా బాకీలు కట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర నిలబడి వసూలు చేసే దుకాణదారులూ ఉన్నారు. అట్లాంటప్పుడు ఆపద్బాంధవుల్లా మాట్లాడటం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. అందుకే మొదటి మీటింగులో నేను పెట్టిన మాట ఇది: పంట పోయినవాళ్ల ఇంటి మీదికి బాకీకి పోవద్దు, పది మందిలో అడగొద్దు, పిల్లల ముందు అసలే అడగొద్దు. అప్పు ఎంతైనా మోస్తాడు రైతు, పరువు పోయిందంటే మాత్రం నిలబడలేడు. దీనికి తలూపినవాళ్లందరూ పాటిస్తున్నారని చెప్పను. కొంతమంది మాత్రం నిజంగానే పుస్తకం మూసి పక్కన పెట్టారు.

సాయంత్రం రైతు వేదికలో కూర్చున్నాం. ఆశా అక్కలు, మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏ, పాల కేంద్రం సెక్రటరీ, బడి సారు, మేం దుకాణాలవాళ్లం. ఇవాళ ఆత్మహత్యల నివారణ దినం కదా, మనందరి ఫొటోలతో ఫ్లెక్సీ వేయిద్దాం అన్నాడొకాయన. ఆశా అక్క ఒక్క చూపు చూసింది, ఆ సంగతి అక్కడితో ఆగింది.

సారు పేపర్ కత్తిరింపు తెచ్చాడు. నేరాల లెక్కలు రాసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 1,70,924 ఆత్మహత్యలు, అందులో రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 11,290 మంది. పట్టా లేని కౌలుదారును, మొగుడితో సమానంగా చేలో చాకిరీ చేసే ఆడమనిషిని ఆ లెక్క రాసేవాళ్లు ఏ గడిలో వేస్తారని వీవోఏ అడిగింది. సారు దగ్గర జవాబు లేదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతు బీమా కూడా అంతే. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు పోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి. కౌలు రైతు ఇంటికి రావు. పోయినేడు భర్త పోయిన ఒకామె కాగితాల కోసం మాలో ఇద్దరు వంతులవారీగా ఆమె వెంట తిరుగుతున్నారు. రైతు ఆత్మహత్యల పరిహారానికి 2015 నాటి జీవో 194 ప్రకారం త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగలేదు. పక్కన ఇంకో మనిషి ఉంటే కాగితం సంగతి ఎట్లున్నా, బస్సులో తోడైనా ఉంటుంది.

తర్వాత ఎప్పుడూ వచ్చే భయమే వచ్చింది. అఘాయిత్యం చేసుకోబోయిన మనిషిని ఆస్పత్రికి తీసుకుపోతే కేసు అవుతుందని ఇంట్లోనే పెట్టుకుని, నాటు వైద్యం చేసి, తీసుకుపోయేసరికి ఆలస్యమవుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీలోని 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. ఆస్పత్రిలో పోలీసు ఎంట్రీ రాస్తారు, అది చూసి బెదిరిపోవద్దు, ముందు 108కి ఫోన్ కొట్టండి. ఈ మాటే వాడవాడకూ చెప్పాలి. చెప్తున్నాం.

నేరుగా అడగడం గురించి కూడా మాట్లాడాం. "సావాలనిపిస్తుందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని వీవోఏ భయం. అట్లా పుట్టదని, అడిగితేనే లోపలిది బయటకొస్తుందని పీహెచ్‌సీ డాక్టరమ్మ చెప్పింది. సరే, ఒకరినొకరు అడిగి చూద్దామన్నారు. పాల కేంద్రం సెక్రటరీ నన్ను అడగబోయి నవ్వాడు, నేనూ నవ్వాను. రెండోసారి అడిగినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

రాత్రి ఆశా అక్క ఫోన్. బీపీ చూస్తానన్న వంకతో బావ ఇంటికి వెళ్లిందట. ఆయన మధ్యాహ్నం ఇంకో దుకాణానికి కూడా పోయాడట, అక్కడా నా మాటే చెప్పారట. మందు నిజంగా చేనుకేనని ఆయన అంటున్నాడు. అయ్యుండొచ్చు కూడా. అక్క నేరుగా అడిగితే మాత్రం ఔననలేదు, కాదనలేదు. బిడ్డ కాలేజీ ఫీజు గురించి, పెళ్లాం పుస్తెలతాడు కుదువ పెట్టిన గోల్డ్ లోన్ నోటీసు గురించి చెప్పుకుంటూ పోయాడట. అక్క తన ఫోన్ నుంచే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు కలిపి ఆయన చేతికిచ్చింది. అక్కడ తెలుగులో మాట్లాడేవాళ్లు రాత్రీ పగలూ ఉంటారు, పైసా ఖర్చు లేదు. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాడట. ఇంట్లో మిగిలిన మందు డబ్బాలు బామ్మర్ది తన ఇంటికి పట్టుకుపోయి పెట్టెలో వేసి తాళం వేశాడు, మళ్లీ వచ్చి ఈ రాత్రికి బావ ఇంట్లోనే పడుకుంటున్నాడు.

"ఆయన బాకీ ఎంత?" అని మా ఆవిడ అడిగింది. చెప్పాను. సంక్రాంతి దాటాక చూద్దామన్నాను. ఆమె మొహం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు. జీఎస్టీ, కంపెనీల పేమెంట్లు ఆమెకూ తెలుసు.

రేపు ఆరింటికి చేను చూడాలి. పది దాటాక సెక్రటరీ, ఆ బావ, నేను బ్యాంకుకు. గోల్డ్ లోన్ రెన్యువల్ చేయాలంటే ముందు వడ్డీ కట్టాలి, ఆ డబ్బు ఇంకా తేలలేదు. రెండు బర్రెల పాల మీద కొంత అడ్వాన్స్ ఇప్పిస్తానన్నాడు సెక్రటరీ. పాల ఖాతా బావ భార్య పేరు మీద ఉంది, ఆమె సంతకం పెడితే చాలట.